ముందు ఇల్లు నిలవాలి, తరువాతే కర్బనం లెక్క

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయికి ఇళ్లలో కర్బన ఉద్గారాలను తగ్గించే రంగంలో పని చేయాలని ఉంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ‘గ్రీన్ బిల్డింగ్’ డిగ్రీకి అడ్వాన్సు కట్టాను. అది మేలా, బీ.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) మేలా, సివిల్ ఇంజనీరింగ్ మేలా? సివిల్ అయితే ఎండలో సైటు మీద నిలబడాలి కదా!

జవాబు: మీరు మూడు కోర్సుల పేర్లు రాసినా, అసలు అడిగింది ఆడపిల్లకు నీడపట్టున ఉద్యోగం దొరుకుతుందా అని. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. మగపిల్లల తండ్రుల నుంచి మాత్రం రాదు. మీ ఊళ్లో ఏ ఇల్లు కడుతున్నా ఇటుకలు మోసే ఆడవాళ్లు ఆ ఎండలోనే ఉంటారు, వారిని చూసి మీరెప్పుడూ కంగారుపడి ఉండరు. ఇనుప చువ్వల చుట్టూ కాంక్రీటు సరిపడా పడుతోందో లేదో సైటు మీద నిలబడి చూడనివారు కట్టించే ఇంట్లో మీరైనా కాపురం పెట్టరు.

ఇక ఆ కొత్త డిగ్రీ గురించి నా అనుమానం దాచను. కర్బనం తగ్గించే విద్యను భద్రత నుంచి విడదీసి నేర్పితే ప్రమాదమే. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తయిన నివాస భవనానికి, వేడి బయటికి పోకుండా ఆపడం కూడా ఒక ఉద్దేశంగా, 2016లో పూర్తయిన మరమ్మతుల్లో బయటివైపు పలకలు తొడిగారు. ఆ పలకల లోపలి పొరలో ఉన్నది మండే ప్లాస్టిక్. 2017 జూన్ 14న మంట ఆ పలకల వెంట పైకి పాకి 72 మంది ప్రాణాలు తీసింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాలో ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంటి పైకప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు కేంద్రం 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తోంది కనుక ఇకపై చాలా కప్పులు వాటిని మోయవలసి వస్తుంది. అవి ఎన్ని యూనిట్లు ఇస్తాయో లెక్కగట్టడం కొద్దిరోజుల శిక్షణతో వస్తుంది గాని, అలాంటి తుఫాను గాలి కింద నుంచి ఎత్తినప్పుడు పలకనూ రేకునూ దూలాన్నీ కలిపి పట్టి ఉంచేది ఏమిటో తేల్చాలంటే స్ట్రక్చర్స్, అంటే కట్టడం బరువునూ గాలినీ ఎలా తట్టుకుంటుందో చెప్పే పాఠం, క్షుణ్ణంగా చదవాలి. ఏసీ ఖర్చు తగ్గాలని గాలి చొరకుండా బిగించిన ఇంట్లో వంట పొగ, వానాకాలపు చెమ్మ ఎటు పోవాలో కూడా భవన నిర్మాణ చదువులోనే తేలాలి.

అందుచేత గీయడం ఇష్టమైతే ఐదేళ్ల బీ.ఆర్క్, లెక్కలు ఇష్టమైతే నాలుగేళ్ల సివిల్. ఆర్కిటెక్టునని చెప్పుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. నివాస భవనాల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ వంటివి పీజీలో నేర్చుకోవచ్చు, తొందర లేదు.

ఉద్యోగం గురించి మీరు నిద్ర మానుకోనవసరం లేదు. కొత్త ఇళ్లు కట్టడం ఆగదు, ఉన్న ఇళ్లను వేడికీ గాలికీ తట్టుకునేలా సరిదిద్దే పని మన జిల్లాల్లో ఇంకా చాలా మిగిలి ఉంది. ఈ రెండు పనులూ తెలిసినవారికి ప్రభుత్వ శాఖల్లోనూ బయటా చోటుంటుంది.

అడ్వాన్సు కట్టే ముందు అమ్మాయిని అడిగారో లేదో మీరు రాయలేదు. మిగిలిన సొమ్ము కట్టకముందే ఆ డిగ్రీ పూర్తి సిలబస్ తెప్పించి ఆమె చేతికివ్వండి. స్ట్రక్చర్స్, అగ్నిభద్రత, భవన సామగ్రి పాఠాలు సివిల్‌తో సమానంగా ఉంటే చేర్చండి. లేకపోతే అడ్వాన్సు పోయినా సరే, వదులుకోండి.