సేనాని కోటు కుట్టబోతున్న మేనకోడలికి

విజయనగరం

అమ్మడూ,

నాటకంలో సేనాని వేషానికి కోటు నువ్వే కుడతానన్నావని మీ అమ్మ చెప్పింది. లంగాలు, జాకెట్లు కుట్టిన చెయ్యికి కోటు కొత్త, అందుకే వివరంగా రాస్తున్నాను. ఈ కోటు అందమంతా భుజం, మెడ బిర్రుగా నిలబడ్డంలోనే ఉంది. అవి వాలిపోతే ఎంత జరీ కుట్టినా వేషం తేలిపోతుంది.

మీరు వేసేది బొబ్బిలి యుద్ధమైతే మాత్రం ఈ నమూనా వద్దు. అది 1757 జనవరి 24 నాటి సంగతి. ఆ యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ. అతని కాలంలో యూరప్ కోట్లు మోకాళ్ల దాకా ఉండేవి, ముంజేతి మడతలు వెడల్పుగా ఉండేవి. నువ్వు పంపిన బొమ్మలోని పొట్టి కోటు, నిలువు కాలరు, ఛాతీ మీద అడ్డతాళ్లు నెపోలియన్ కాలానికి బాగా వాడుకలోకి వచ్చాయి. ఆ అడ్డతాళ్లు హంగేరీ గుర్రపు దళాల అలంకారం.

బట్ట మందపాటి కాటన్ డ్రిల్లు తీసుకో. గంటస్తంభం దగ్గర కొట్లలో దొరుకుతుంది. 36 ఇంచుల ఛాతీకి 58 ఇంచుల పన్నా (బట్ట వెడల్పు) అయితే 2 మీటర్లు, 44 పన్నా అయితే రెండున్నర. కాలరుకీ కఫ్‌లకీ వేరే రంగు అర మీటరు, లైనింగుకి పలచని కాటన్ 2 మీటర్లు, కోటు బిర్రుగా నిలబడ్డానికి లోపల వేసే, ఇస్త్రీతో అతుక్కునే బక్రం ఒక మీటరు. పొందూరు ఖద్దరు మీద నాకెంత ప్రేమున్నా దీనికి పనికిరాదు, ఆ సన్నపోగు బక్రం బరువు మొయ్యలేదు. శాటిన్ అసలు ముట్టుకోకు. జారిపోతుంది, సూది గుచ్చిన ప్రతి చోటా మచ్చ పడుతుంది. కాటన్ బట్టలూ కాటన్ తాడూ రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలువు. తాడు ముందే కుదించకపోతే మొదటి ఉతుకులోనే ఛాతీ ముడుచుకుపోతుంది.

కొత్త బట్ట మీద కత్తెర పెట్టకముందు పాత దుప్పటితో ఒక కోటు కుట్టు. దీన్ని మాత్రం ఎగ్గొట్టకు. చొక్కా మీద వేసేది కాబట్టి ఛాతీ కొలతకు 5 ఇంచులు వదులు కలుపు. అంచుల్లో కుట్టుకి అర ఇంచు, పక్కల్లో ఒక ఇంచు వదులు. వేసే పిల్లాడి చేత సెల్యూట్ చేయించి చూడు. చెయ్యెత్తగానే కోటంతా పైకి లేచి కాలరు చెవులకు తగులుతుంది. చంక బిగువైందనుకుని చాలామంది ఇంకా కిందికి కోస్తారు. అలా కోస్తే ఇంకా ఎక్కువ లేస్తుంది. చంక లోతు తగ్గాలి, ఒంటికి దగ్గరగా రావాలి. చెయ్యి కదలడానికి వదులు వీపు అడ్డంలోనూ చేతి వెడల్పులోనూ ఇవ్వు. ఇది దుప్పటి మీదే సరిచెయ్యాలి. ఒకసారి కోసేసిన చంకను మళ్లీ పూడ్చలేం.

కోసేటప్పుడు పడుగు, అంటే బట్ట పొడవునా సాగే పోగు, నిలువుగానే ఉండాలి. ఏటవాలుగా పడితే ముందు భాగం ఒక పక్కకు మెలి తిరుగుతుంది. కోశాక ముందు రెండు ముక్కలకూ వెనక బక్రం అతికించు. ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ లాగకు. ఒక్కో చోట పదిపదిహేను సెకన్లు అదిమి ఎత్తు. లాగితే బుడగలొస్తాయి.

తాళ్ల పని ముక్కలు విడిగా, బల్ల మీద పరిచి ఉన్నప్పుడే అయిపోవాలి. అయిదు వరసలు, వరసకీ వరసకీ 2 ఇంచులు, సుద్దతో గీసుకో. కుడి ముక్కనీ ఎడమ ముక్కనీ పక్కపక్కన పెట్టి గీతలు ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడు. పావు ఇంచు తేడా ఉన్నా ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది. చదునైన తాడుకి రెండంచులూ ఒకే దిక్కుగా కుట్టాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ కుడితే మెలికలు పడుతుంది. ఒంటి వరసలకు కాలరు, కఫ్‌లతో కలిపి 4 మీటర్లు, జంట వరసలకు 7 మీటర్లు కొను. జిగురు వాడకు, ఇస్త్రీ తగిలితే కరిగి మరక తేలుతుంది. జరీ తాడు మీద తడి నూలు గుడ్డ పరిచి, పెట్టె వేడి తగ్గించి ఇస్త్రీ చెయ్యి.

భుజం పట్టీ 5 ఇంచుల పొడవు, రెండుంపావు వెడల్పు, లోపల రెండు పొరల బక్రం. అట్టముక్క పెడితే చెమటకు మెత్తబడి వంగిపోతుంది. తర్వాత వరస ఇది: భుజాలు కలుపు, పట్టీ వెడల్పు కొసను చంక అంచున టాకా వెయ్యి, చెయ్యిని పరిచి ఎక్కించు, ఆ పైన చెయ్యీ పక్కా ఒకే కుట్టుగా లాగేయి. గుండ్రంగా ఎక్కించడం కంటే నీకిది తేలిక. కాకపోతే చేతి పైభాగం చంక కన్నా అర ఇంచుకు మించి పెద్దది కాకూడదు. ఎడమా కుడీ మారకుండా వెనక వైపు రెండు గాట్లు పెట్టుకో.

కాలరు ఒకటిముప్పావు ఎత్తు, పొడవు మెడ చుట్టుకొలతకు అర ఇంచు ఎక్కువ. తిన్నని పట్టీగా కోస్తే మెడ నుంచి దూరంగా నిలబడుతుంది. ముందు కొసలు రెండూ అర ఇంచు పైకి వంపు తిరగాలి. కుట్టాక మెడ అంచున అర ఇంచుకొక గాటు పెట్టు, కుట్టు తెగనీయకు. అక్కడ పొరలు ఎక్కువ కాబట్టి 16 నంబరు సూది వేసి, చక్రం చేత్తో తిప్పు.

లైనింగు వీపు మధ్య ఒక ఇంచు మడత వదిలి వెయ్యి. అది లేకపోతే చెయ్యి చాచగానే లైనింగు చిరుగుతుంది.

కాజాలతో తంటాలు పడకు. ముందంచులు ఎదురెదురుగా ఆనేలా చేసి, లోపల ఒకటిన్నర ఇంచు పట్టీ వేసి ప్యాంటు హుక్కులు అయిదు కుట్టు. ఇత్తడి బొత్తాలు పైకి కనిపించడానికే. మధ్యన అయిదు, ఇరుపక్కల అయిదేసి, మొత్తం పదిహేను.

నక్షత్రాలు, మూడు సింహాలు, పతకాల రిబ్బన్లు నిజమైనవి పెట్టొద్దు. ఇప్పటి ఆర్మీ మచ్చల బట్ట కూడా వద్దు. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. వేదిక మీద వేషానికి అది వర్తించదు గానీ, మన జిల్లాల్లో ఊరూరా సైన్యంలో పనిచేసినవాళ్లున్నారు, వాళ్లు సంపాదించుకున్న గుర్తులవి.

దుప్పటి కోటు అవగానే ముందు నుంచీ వెనక నుంచీ, చెయ్యెత్తీ, మూడు ఫొటోలు పంపు. అవి చూశాక చంక ఎంత మార్చాలో చెబుతాను. అప్పటిదాకా డ్రిల్లు కొయ్యకు.

ఆశీస్సులతో,
మావయ్య