కారు కోసం పటమట ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. షాపు ఖర్చులు పోను నెలకు 2 లక్షలు వస్తాయి, ఇంటి ఖర్చు 80 వేలు. నిస్సాన్ జీటీ-ఆర్ స్పోర్ట్స్ కారు తయారీ ఆపేశారు కాబట్టి ఇక దాని ధర పెరగడమే అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కారు కోటీ 10 లక్షలకు వస్తోంది. ఎఫ్‌డీలు 18 లక్షలు, బంగారం మీద 12 లక్షలు, పటమటలో ఇల్లు పెట్టి 11 శాతం వడ్డీకి 80 లక్షలు తేవాలనుకుంటున్నాను. ఐదేళ్లాగి అమ్మితే లాభమేనా? ఆరోగ్య బీమా ఇంకా తీసుకోలేదు. నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది.

జవాబు: వద్దు. అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే అది పోయినా సరే, అక్కడితో ఆగండి. నిన్నటిదాకా ప్లాట్లు, తర్వాత క్రిప్టో, ఇప్పుడు కార్లు. ‘ఇక దొరకదు’ అన్న మాట వినగానే ఇంటి కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లేవాళ్లు ఎక్కువైపోయారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

కారు ఆగిన మాట నిజమే. 2025 ఆగస్టు 26న జపాన్‌లోని తొచిగి ప్లాంటు నుంచి చివరి ఆర్35 (మీరు అడుగుతున్న తరం జీటీ-ఆర్) బయటికొచ్చింది. అంతమాత్రాన ఈ కారు బంగారమైపోదు. 18 ఏళ్లలో 48 వేల ఆర్35లు తయారయ్యాయి. కళ్లు తిరిగే ధరలు పలుకుతున్నది 2002లో ఆగిపోయిన ముందు తరం ఆర్34 జీటీ-ఆర్‌కి, అవి చేసిందే 11 వేల పైచిలుకు. పైగా జీటీ-ఆర్ పేరు ఎప్పటికైనా మళ్లీ తేవడమే లక్ష్యమని నిస్సాన్ సీఈఓ ఇవాన్ ఎస్పినోసాయే అన్నారు. 2016 చివర్లో మన దేశంలో విడుదలైనప్పుడు దీని ఎక్స్-షోరూం ధర కోటీ 99 లక్షలు. మీకు కోటీ 10కి ఇస్తున్నారంటే ఇప్పటికే 89 లక్షలు తగ్గిందనేగా అర్థం!

ఇక మీ లెక్క. 80 లక్షలకు పదేళ్ల ఈఎంఐ సుమారు లక్షా 10 వేలు. ఇంటి ఖర్చు కూడా తీస్తే చేతిలో మిగిలేది పది వేలు. అది కూడా దాదాపుగా బంగారం మీద వడ్డీకే పోతుంది. ఐదేళ్లలో 66 లక్షలు కట్టాక కూడా ఇంకా 50 లక్షలకు పైగా బాకీ ఉంటుంది. ఇన్సూరెన్సు, ఏపీ రిజిస్ట్రేషన్‌కు లైఫ్ ట్యాక్స్, సర్వీసు, బంగారం మీద వడ్డీ అన్నీ పక్కన పెట్టినా, ఎఫ్‌డీ, బంగారం 30 లక్షలు కూడా కలిపితే కోటీ 47 లక్షలకు అమ్మితేగానీ మీ డబ్బు మీకు రాదు. 90 రోజులు వాయిదాలు ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆపై తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. అప్పుడు బ్యాంకు కన్ను పడేది కారు మీద కాదు, మీ ఇంటి మీద.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఎఫ్‌డీలు మొత్తం తీసేస్తానన్న మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీ విజయవాడలోనే సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. వ్యాపారం ఆగినా షాపు అద్దె ఆగదు, కుర్రాళ్ల జీతాలు ఆగవు. ఖాతా మీద సరుకు తీసుకెళ్లిన లారీ ఓనర్లు అలాంటప్పుడు మీ బాకీ మొదట తీర్చరు, ఇది మీకు నేను చెప్పాలా? వ్యాపారి అత్యవసర నిధి ఇంటి ఖర్చుతో లెక్కేస్తే సరిపోదు, షాపు ఖర్చూ కలపాలి. షాపుకు నెలకు 90 వేలనుకుంటే రెండూ కలిపి లక్షా 70 వేలు, ఆరు నెలలకు 10 లక్షల పైమాటే. 18 లక్షల్లోంచి అంత మొత్తం ఈ వారమే వేరే ఖాతాలోకి మార్చండి. మీ భార్యకు కూడా ఆ ఖాతా వివరాలు తెలియాలి.

అది కాగానే ఆరోగ్య బీమా. మీరు, భార్య, పిల్లలు ఒక పాలసీలో, అమ్మానాన్నలు వేరే పాలసీలో ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు, ఇంకా వాయిదా వేయడానికి సాకేముంది? టర్మ్ పాలసీ లేకపోతే కోటిన్నరకు తక్కువ కాకుండా తీసుకోండి. మిగిలింది ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలనెలా సిప్ చేసుకోవచ్చు.

నాన్నగారి ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు క్లెయిమ్ రావడానికి మూడేళ్ల వరకు వెయిటింగ్ ఉండొచ్చు, కాబట్టి ఎంత తొందరగా తీసుకుంటే ఆ గడువు అంత తొందరగా తీరుతుంది. ఏజెంట్ ‘ఏం రాయక్కర్లేదు సార్’ అంటే ఆ ఏజెంట్‌ను మార్చండి.