పిల్లోడి మాత్రల గురించి జయమ్మకు

జయమ్మా,

మొన్న ఫోన్లో నీ కొడుకు జబ్బు గురించి, మాత్రల గురించి నువ్వు అడిగినప్పుడు పక్కన మనుషులున్నారు, నోరు విప్పి చెప్పలేకపోయా. అందుకే రాస్తున్నా. నేను సైకియాట్రీ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, డాక్టర్ని కాదు. మోతాదు సంగతి డాక్టరునే అడుగు. మిగతాది నా మాట విను.

వాడికి ఈ స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడి లేనిపోని అనుమానాలొచ్చే జబ్బు, నీ పెంపకం వల్ల రాలేదు. హాస్టల్లో వేశావనో, మార్కుల కోసం తిట్టావనో రాలేదు. గాలి సోకడం అసలే కాదు. మీ అత్త కడప దర్గాకు పోదామంటే పోండి, నేనూ తోడొస్తా. ఆ రోజు కూడా మాత్ర మానకూడదు, అంతే.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే నీకు ధైర్యంగా ఉంటుంది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు పోవాలంటే మధ్యలో సన్నని సందు దాటాలి. గ్లుటమేట్, డోపమైన్ లాంటి రసాయనాలు దాన్ని దాటిస్తాయి. ఆ కూడలినే సినాప్స్ అంటారు. చిన్నప్పుడు ఇవి అవసరానికి మించి ఉంటాయి. మీసాలొచ్చే వయసు నుంచి ఇరవై దాటేదాకా మెదడు అక్కర్లేనివాటిని ఏరేస్తుంది. అందరికీ జరిగేదే. శనక్కాయ చేలో కలుపు తీస్తూ తీస్తూ చెట్లు కూడా పెరికేసినట్టు, ఈ జబ్బులో ఆ ఏరివేత మితిమీరుతోందేమోనని 1982లోనే ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే ఆయన అనుమానించాడు. అంతవరకు చక్కగా చదువుకునే పిల్లలకు సరిగ్గా ఆ వయసులోనే ఎందుకు బయటపడుతుందో దీంతో కొంత అర్థమవుతుంది.

2016లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు సీ4 అనే జీన్‌ దగ్గర ఒక ఆధారం పట్టుకున్నారు. తీసేయాల్సిన సినాప్స్‌కు గుర్తు పెట్టే పనిలో ఆ జీన్ ప్రోటీన్‌కు చేయి ఉంది. మైక్రోగ్లియా అనే కణాలొచ్చి గుర్తున్నదాన్ని మింగేస్తాయి. ఆ ప్రోటీన్లో ఒక రకం ఎక్కువ తయారయ్యేవాళ్లకు జబ్బు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. కాస్తే. దీంతో సంబంధమున్న జీన్ల చోట్లు వందల్లో ఉన్నాయి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవాళ్లకు తప్పకుండా వస్తుందని లేదు. కాబట్టి ‘మీ వంశంలో ఉంది, మా వంశంలో లేదు’ అనే పంచాయితీ ఇంట్లో పెట్టుకోవద్దు. ఇదంతా ఇంకా పూర్తిగా తేలిన విషయం కాదు, పరిశోధన నడుస్తూనే ఉంది.

మామూలు ఎంఆర్ఐలో సినాప్సులు కనబడవు. వేరే జబ్బేమీ లేదని చూసుకోవడానికి డాక్టరు ఒకసారి రాయొచ్చు. మళ్లీ మళ్లీ స్కానింగులకు అప్పులు చేయకు.

మాత్రలు మెదడును కరిగిస్తాయని మీ ఆడపడుచు అన్నదట! 2020లో లండన్‌లో ఒంట్లోకి కాస్త రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే ప్రత్యేకమైన పెట్ స్కాన్‌తో చూస్తే, ఈ జబ్బున్నవాళ్ల మెదడు ముందుభాగంలో సినాప్సుల జాడ తక్కువగా కనబడింది. అది మందుల వల్లేమోనని అవే రకం మందులు ఎలుకలకిచ్చి చూశారు, వాటిలో తగ్గలేదు. ఆమెకు ఇది చెప్పు.

మాత్రలు ముఖ్యంగా డోపమైన్ మీద పనిచేస్తాయి. అందుకే చెవిలో మాటలు, అనుమానాలు ముందు తగ్గుతాయి. మబ్బుగా కూర్చోవడం, స్నానానికి లేవకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం మాత్రం అంత తొందరగా పోవు. దాన్ని సోమరితనం అనుకుని మీ ఆయన అరుస్తాడు చూడు, అది ఆపించు. ఇంట్లో అరుపులు, ఎత్తిపొడుపులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టడం నేను వార్డులో చూస్తూనే ఉండేదాన్ని. ఒక చిన్న పని చెప్పి, అది అయ్యాక ఇంకోటి చెప్పు.

మాత్ర నాలుక కింద పెట్టుకుని బాత్రూంలో ఉమ్మేసే పిల్లలుంటారు. నోరు తెరవమని పోలీసులా నిలబడకు. రాత్రి అన్నం కాగానే మాత్రిచ్చి, గ్లాసు మజ్జిగిచ్చి, పక్కన కూర్చుని కాసేపు క్రికెట్ గురించి ఏదో ఒకటి మాట్లాడు. మజ్జిగ అయిపోయేసరికి మాత్ర కూడా లోపలికి పోయుంటుంది. అయినా మానేస్తుంటే నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, అడుగు. కాళ్లూ చేతులూ బిగిసినా, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నా, చొంగ కారుతున్నా మాత్ర నువ్వే ఆపేయకు. డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు, లేదా వేరే మందిస్తారు.

బాగైపోయాడని మానేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే పని. మొదటిసారి వచ్చినప్పుడు, బాగైన తర్వాత కూడా ఏడాది రెండేళ్లు వాడమంటారు. ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో డాక్టరు చెప్పాలి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే సలహా ఎవరిచ్చినా చెవిన పెట్టకు. ఇంకో ఇంటి పిల్లను ఇందులోకి లాగొద్దు.

స్నేహితులతో గంజాయి తాగాడా అని కోప్పడకుండా అడుగు. అది ఈ జబ్బును రెచ్చగొడుతుంది, తగ్గినదాన్ని తిరగబెడుతుంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటే ‘అలాంటిదేం లేదు’ అని వాదించకు, అవునని తలా ఊపకు. ‘నాకు వినబడలేదు నాయనా, నీకు భయంగా ఉందా?’ అను.

చనిపోతానని ఒక్కమాట అన్నా తేలిగ్గా తీసుకోకు, మాత్రల డబ్బా నీ దగ్గరే పెట్టుకో. ఏ వేళైనా టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. చెయ్యి దాటేలా ఉంటే నేరుగా ఆసుపత్రికి తీసుకుపో.

ఓపీలో డాక్టరుకు టైముండదు. ఒక నోటుబుక్కులో ఎప్పుడు పడుకున్నాడు, ఏం తిన్నాడు, మాత్ర వేసుకున్నాడా లేదా అని రోజూ ఒక్క లైను రాసి తీసుకుపో. ఈ జబ్బుకిచ్చే ఒలాంజపైన్ అనే మందు వాడేవాళ్లకు ఒళ్లు త్వరగా వస్తుంది, షుగర్ కూడా రావచ్చు. ఈసారి పోయినప్పుడు వాడి బరువు, షుగర్ చూపించి, ఆ అంకెలు కూడా అందులోనే రాయి.

మీ పెద్దమ్మ