టర్బో డీజిల్ ఇంజన్ మారిస్తే ఆర్సీ ఏమవుతుంది?

ప్రశ్న: నాకు 2014లో కొన్న 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు ఉంది. ఎనిమిది నెలల క్రితం పొద్దున స్టార్ట్ చేయగానే గరగరమని చప్పుడు వస్తుంటే ఒక గ్యారేజీలో చూపించాను. టైమింగ్ చైన్ (వాల్వులు, పిస్టన్లు లెక్క తప్పకుండా కదిలేలా చూసే గొలుసు) సాగిందని కిట్ మార్చి 24 వేలు తీసుకున్నారు. గత నెల రోడ్డు మీద వెళ్తుండగా ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. విప్పితే వాల్వులు వంగి ఉన్నాయి, వాల్వులను నొక్కే రాకర్ ఆర్మ్‌లు విరిగి ఉన్నాయి. నేను ఆయిల్ సరిగ్గా చూసుకోకపోవడం వల్లే ఇలా అయిందంటున్నారు. దీన్ని బాగుచేయడం దండగని, వేరే కంపెనీ కారు నుంచి తీసిన 90 హార్స్ పవర్ ఇంజన్ ఒకటి ఉందని, రెండూ ఒకే ఇంజనని, బిగించేస్తామని చెబుతున్నారు. అలా వేయించుకోవచ్చా? చైన్ పనికి కట్టిన డబ్బు, ఇప్పుడు జరిగిన నష్టం వాళ్ల దగ్గర రాబట్టుకోగలనా?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఈ జవాబు చదవడం పూర్తయ్యేదాకా ఆ గ్యారేజీలో మీ ఇంజన్ తాలూకు ఒక్క ముక్క కూడా బయటికి పోనివ్వకండి. పాత చైన్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వంగిన వాల్వులు, చివరికి సంపులోంచి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పళ్లెం) తీసిన ఆయిల్ కూడా. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక ఇంజన్ మార్పిడి. "రెండూ ఒకే ఇంజన్" అన్న మాటలో సగం నిజం ఉంది. ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్ ఇంజన్‌నే మన దేశంలో మారుతి డీడీఐఎస్ పేరుతో, టాటా క్వాడ్రాజెట్ పేరుతో ఎన్నో కార్లలో వాడాయి. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, 1248 సీసీ. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చేదాకా రోడ్ల మీద ఎక్కువగా కనిపించిన చిన్న డీజిల్ ఇంజన్ ఇదే. కానీ ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. 75 హార్స్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది ఒకటి. దాని టర్బో మామూలుది. 90 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చేది రెండోది. దాని టర్బోలో రెక్కల కోణం మారుతూ ఉంటుంది, దాన్నే వీజీటీ అంటారు. ఆ రెక్కలను ఎప్పుడు ఎంత తిప్పాలో చెప్పేది ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్. మీ కారు 75 హార్స్ పవర్‌దైతే దాని ఈసీయూకి ఆ భాష రాదు. అప్పుడు ఈసీయూ, వైరింగ్, తాళంచెవితో ముడిపడిన దొంగతన నిరోధక ఇమ్మొబిలైజర్, అన్నీ మార్చుకుంటూ పోవాలి. ఇంజన్ దిమ్మ (బ్లాక్) బిగింపు చోట్ల మీద కూర్చుంది కదా అని ఇంజన్ సరిపోయిందనుకోవడానికి లేదు.

చట్టం ఇంకా కఠినంగా ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చే హక్కు యజమానికి లేదు. ఇక్కడ తయారీదారు అంటే ఇంజన్ డిజైన్ ఎవరిదన్నది కాదు, మీ కారును ఏ కంపెనీ తయారుచేసి ఏ వివరాలతో అనుమతి తీసుకుందన్నదే లెక్క. కాబట్టి లోపల ఉన్న ఇనుము ఒకటే అయినా, వేరే కంపెనీ ఇంజన్ నంబరున్న బ్లాక్ మీ ఆర్సీకి పరాయిదే. దానికి తోడు 90 హార్స్ పవర్ అంటే వివరాలే మారిపోతాయి. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు విరుద్ధంగా మార్పు కుదరదని, చట్టం నిషేధించిన దాన్ని నిబంధనలు చూపించి తెచ్చుకోలేమని చెప్పింది.

అంటే ఇంజన్ మార్చడమే నిషిద్ధం అనుకోకండి. మీ కారు కంపెనీదే, అదే మోడల్‌కి వచ్చే, అదే సీసీ, అదే ఇంధనం, అదే ఉద్గార ప్రమాణం ఉన్న ఇంజన్‌ను పాతదాని స్థానంలో వేయించుకోవడానికి దారి ఉంది. బిగించకముందే మీ పరిధిలోని ఆర్టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడగండి. వచ్చాక మార్పించండి. మార్పు జరిగిన 14 రోజుల్లో తెలియజేసి, ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలని అదే సెక్షన్ చెబుతోంది. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోండి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త నంబరు పంపి పాలసీలో ఆ మార్పు నమోదు (ఎండార్స్‌మెంట్) చేయించుకోండి. రేపు ప్రమాదం జరిగితే సర్వేయర్ మొదట చూసేది చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. నంబరు కలవకపోతే మీ బండి నష్టానికి పెట్టిన క్లెయిమ్‌కి అక్కడే చిక్కు పడుతుంది. అమ్మేటప్పుడు ట్రాన్స్‌ఫర్ దగ్గరా ఇదే ఆగుతుంది.

అనుమతి లేకుండా మారిస్తే ఏమవుతుందని కూడా చాలామంది అడుగుతారు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. బిగించింది మెకానిక్ అయినా ఈ సెక్షన్ కింద శిక్ష పడేది యజమానికి. ఈ మాట మీకు గ్యారేజీలో ఎవరూ చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను.

ఇంకో ప్రమాదం ఆ సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఎక్కడిదన్నది. దొంగ బండి ఇంజనైతే, అమ్మినవాడికే హక్కు లేనప్పుడు మీకూ హక్కు రాదు. 1930 వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ సారాంశం అదే. దొంగసొత్తని తెలిసీ, లేదా నమ్మడానికి కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసు కూడా అవుతుంది. పాత కారు ఆర్సీ కాపీ, ఆ ఆర్సీ రద్దయిన పత్రం, ఇంజన్ నంబరు రాసి ఉన్న బిల్లు, ఈ మూడూ లేకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. బండి పూర్తిగా పాడైతే యజమాని 14 రోజుల్లో లేదా వీలైనంత త్వరగా ఆర్టీఓకి చెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ అంటోంది కాబట్టి, నిజాయితీగా తుక్కుకి వెళ్లిన బండికి ఆ కాగితం ఉండాలి. నంబరు చెక్కిన చోట గరుకుగా అరగదీసినట్టు కనిపిస్తే, బ్లాక్ ఎంత కొత్తగా ఉన్నా వద్దనండి. ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసి బిల్లుతో పాటు దాచుకోవడం మంచిది. ఇంజన్ కొత్తదైతే ఆర్సీ గడువు పెరుగుతుందా అని మీరు అడగలేదు గానీ, పెరగదు. గడువు లెక్క కారుది.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. ఇది వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం కిందికి వచ్చే కేసు. కానీ గెలుపోటములు ఒక్క ప్రశ్న మీద ఆధారపడతాయి: చైన్ ఎందుకు జారింది? గ్యారేజీ వాళ్లు ఆయిల్ అంటున్నారు. అది ఊరికే కొట్టిపారేయదగ్గ వాదన కాదు. ఈ ఇంజన్‌లో చైన్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. సంపులో పట్టేదే సుమారు 3 లీటర్లు. అందులో లీటరు తగ్గితే, లేదా గడువు దాటిన ఆయిల్ మడ్డిగా మారితే, చైన్ వదులై పళ్లు దాటడం సాధ్యమే. అప్పుడు పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వు ఇంకా కిందికి దిగి ఉంటుంది, రెండూ ఢీకొంటాయి. మీ వాల్వులు వంగింది, రాకర్ ఆర్మ్‌లు విరిగింది ఇలాగే.

అయితే పనిచేసిన వాళ్ల తప్పు వల్ల కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఈ ఇంజన్‌లో చైన్ మార్చేటప్పుడు వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులనూ పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టునూ కదలకుండా ప్రత్యేక లాకింగ్ టూల్స్‌తో పట్టి ఉంచి టైమింగ్ కుదర్చాలి. కొందరు పెయింట్ చుక్కలు పెట్టుకుని అంచనా మీద బిగిస్తారు. పాత టెన్షనర్ లేదా చైన్ దారి తప్పకుండా పట్టే గైడ్‌లనే ఉంచి చైన్ ఒక్కటే మార్చి, కిట్ మొత్తానికి బిల్లు వేసేవాళ్లూ ఉంటారు. మీ గ్యారేజీ ఏం చేసిందో నాకు తెలియదు. కానీ ఆ ముక్కలకు తెలుసు. గైడ్ ప్లాస్టిక్ ఎంత అరిగింది, టెన్షనర్ ఎనిమిది నెలలదేనా ఎన్నో ఏళ్లదా, ఇవన్నీ చూసి చెప్పగలిగేవే. అందుకే ముక్కలు పోనివ్వొద్దన్నాను. నా దగ్గరికి ఒకసారి ఇలాంటి బాధితుడే వచ్చాడు. చేతిలో అర ఠావు కాగితం, దాని మీద ఒకే లైను: "ఇంజన్ పని", కింద మొత్తం. ఏ భాగం మార్చారో లేదు, తేదీ కూడా లేదు. పాత భాగాలు తుక్కులో అమ్మేశారు. న్యాయం అతని వైపే ఉందని నాకు నమ్మకం ఉన్నా, చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆ కేసు ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

కాబట్టి ఈ వారమే గ్యారేజీకి వెళ్లి ముక్కలన్నింటినీ ఒక బట్ట మీద పరిచి వీడియో తీయండి. ఓడోమీటర్ రీడింగ్, తేదీ అందులో కనిపించాలి. జాబ్ కార్డు, బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపు రసీదు ఒకచోట పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, గత రెండేళ్ల ఆయిల్ మార్పు బిల్లులు. అవి ఉంటే వాళ్ల ఆయిల్ వాదన సగం కూలిపోతుంది. లేకపోతే నిజం చెప్పాలి, మీ కేసు బలహీనమే, అయినా టెన్షనర్ పాతదే ఉంచారని తేలితే పుంజుకుంటుంది.

తర్వాత సంబంధం లేని ఓ మెకానికల్ ఇంజనీరుతోనో, బీమా సర్వేయర్‌గా అనుభవం ఉన్న వ్యక్తితోనో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. ఇంజన్ కేసుల్లో నిరూపించే భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుంది, మన మాట ఒక్కటే సరిపోదు. పరీక్ష చేయకుండా లోపం తేల్చలేనప్పుడు ల్యాబ్‌కి పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్‌కి ఉంది, అది కూడా అడగొచ్చు. రిపోర్టు చేతికి వచ్చాక 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 24 వేలు, ఇప్పుడు బాగుచేయడానికి అయ్యే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం విడివిడిగా రాయండి. అదే మోడల్ కొత్త కారు ఇమ్మని మాత్రం అడగకండి. 2006లో క్లచ్ లోపం ఉన్న ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, పాడైన భాగం మార్చడమే గానీ కారు మొత్తం మార్చమనడం సరికాదని చెప్పింది. అడిగేది సబబుగా ఉంటే వినేవాళ్లకు మీ మీద నమ్మకం కలుగుతుంది.

నోటీసుకి స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. మీరు ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లోనే వేయొచ్చు, గ్యారేజీ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించగలదు, అంతకుమించి కుదరదు. మీకున్న గడువు రెండేళ్లు. ఇంజన్ ఆగిపోయింది గత నెల గనుక మీ దగ్గర సమయం ఉంది. కారును ట్యాక్సీగా తిప్పుతుంటే కూడా భయం లేదు, సొంతంగా నడుపుకుంటూ దాని మీదే బతుకుతున్నట్టయితే మీరు వినియోగదారే.

కేసు తేలేదాకా కారు లేకుండా ఎలా అని మీకు టెన్షన్ ఉంటుంది. పరీక్ష రిపోర్టు, వీడియో పూర్తయ్యాక వేరే చోట హెడ్ (ఇంజన్‌లో వాల్వులుండే పై భాగం) బాగుచేయించుకోవచ్చు. పాత భాగాలు మాత్రం ఒక డబ్బాలో సీలు వేయించి మీ దగ్గరే ఉంచుకోండి. ఆ పని చేసిన మెకానిక్‌తో, విప్పినప్పుడు ఏం కనిపించిందో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.