నాన్న జ్వరానికి జీనోమ్ పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. నాన్నకు 54 ఏళ్లు, గొర్రెలే మా జీవనం. కిందటి ఈతలో ఐదు గొర్రెలు ఈసుకుపోయాయి (నెలలు నిండకుండానే పిల్లల్ని పడేశాయి). తర్వాత నాన్నకు సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్లు చొక్కా తడిసేంత చెమట, నడుము నొప్పి. రెండు నెలలు ఇలాగే గడిచాక ఒంగోలులో రక్తం పరీక్ష చేసి బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు సోకే క్రిమి) అన్నారు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు వాడమన్నారు. పది రోజులకే జ్వరం పోయింది, ఇక మాత్రలు చాలంటున్నాడు. హైదరాబాద్‌లో ఉండే మా బావేమో క్రిమికి హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్ చేయిస్తే సరైన మందు తెలుస్తుందంటున్నాడు. చేయించాలా?

జవాబు: అక్కర్లేదు. మీ బావ చెప్పింది మంచి పరీక్షే. కాకపోతే మీ నాన్నగారి మందు దానిమీద ఆధారపడి లేదు.

సీక్వెన్సింగ్ అంటే క్రిమి డీఎన్‌ఏను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడం. బ్రూసెల్లాలో ఆ అక్షరాలు దాదాపు 33 లక్షలు. గొర్రెలు, మేకల్లో ఎక్కువగా ఉండే మెలిటెన్సిస్‌నీ, ఆవులు, గేదెల్లో ఉండే అబార్టస్‌నీ మామూలు రక్త పరీక్ష విడదీసి చెప్పలేదు, ఇది చెబుతుంది. మనిషిలో దొరికిన క్రిమినీ, ఈసుకుపోయిన గొర్రె మాయలో దొరికిన క్రిమినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా కొద్ది అక్షరాలే అయితే రెండూ ఒకచోటివేనని చెప్పొచ్చు. నాలుగైదు ఊళ్లలో ఒకేసారి కేసులొస్తే ఏ మందతో మొదలైందో పట్టుకోవడానికి పశువైద్యులకు బాగా పనికొస్తుంది. మీ ఇంట్లో మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో దొడ్లోనే కనిపిస్తోంది. రెండు రకాలకూ మందులు అవే. పైగా ముందు క్రిమిని ల్యాబ్‌లో పెంచాలి. పది రోజులు మాత్రలు వేసుకున్నాక అది దొరకడమే కష్టం.

నాకు టెన్షన్ అంతా నాన్నగారి ‘ఇక చాలు’ గురించే. ఈ క్రిమి మన కణాల్లోపలే దాక్కుంటుంది. జ్వరం పోయినా అది పోయినట్టు కాదు. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. నడుము నొప్పి ఇంకా ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వెన్నెముకకు పాకితే మందులు మూడు నెలలు కూడా వాడాల్సి రావచ్చు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, రక్తమనుకుని భయపడి మానేసేవాళ్లున్నారు. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా కాబట్టి, టీబీ లేదని చూశారో లేదో అడగండి. రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా ఉంటాయి. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు. దాంతో ఎండకు చర్మం కమిలిపోతుంది, మందతో వెళ్లేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా, తలకు తువ్వాలు ఉండాలి.

కోర్సు అయ్యాక కొన్ని నెలలకు మళ్లీ జ్వరమొస్తే అప్పుడు రక్తం కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించండి. బ్రూసెల్లా అనుమానమని ల్యాబ్ వాళ్లకు ముందే చెప్పాలి, వాళ్లకూ అంటుకుంటుంది. పాత క్రిమే లేచిందా, కొత్తది సోకిందా అన్నది తేల్చడానికి సీక్వెన్సింగ్ పనికొస్తుంది గానీ, మొదటిసారి దొరికిన క్రిమిని దాచి ఉంచితేనే.

గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే ఒట్టి చేత్తో లాగి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకుని బీడీ ముట్టించడం మన దొడ్లలో చూస్తూనే ఉంటాం. గ్లవ్స్ వేసుకోమనండి. మాయను కుక్కలకు వదలకుండా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. పాలు కాచే తాగండి. గర్భిణులుంటే ఈత పనులకు దూరంగా ఉంచండి. పశువుల ఆసుపత్రిలో చెప్పి మందకు పరీక్ష చేయించండి. ఈసుకుపోయిన ఆ ఐదింటినీ ఫలితం వచ్చేదాకా సంతకు తోలొద్దు.