డబ్బిచ్చి కొన్న సరుకును మళ్ళీ అమ్ముకోనివ్వరెందుకు?

యుద్ధం తర్వాత కోకో లాంటి దిగుమతి సరుకును తిరిగి ఎగుమతి చేయకుండా ప్రభుత్వాలు ఎందుకు ఆపుతాయి, కొన్నవాడి ఇష్టం కదా అని అడిగారు.

మామూలు రోజుల్లో కొన్నవాడి ఇష్టమే. సరుకుకు కటకట వచ్చినప్పుడు మాత్రం ఎవరి వాటా వాళ్ళ జనానికే అన్న షరతు మీద నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కోకో సంగతి అదే. గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) తోటల్ని తెగులు తినేస్తోంది. ఏ దేశానికి ఎంత అన్నది 1946లో ఏర్పడ్డ అంతర్జాతీయ అత్యవసర ఆహార మండలి పంచేది. బ్రిటన్‌లో చాక్లెట్లు, మిఠాయిల మీద 1942లో పెట్టిన రేషన్ 1953 ఫిబ్రవరి దాకా సాగింది. మధ్యలో 1949లో ఎత్తేసి చూశారు, జనం ఎగబడేసరికి నాలుగు నెలలకే మళ్ళీ పెట్టారు. పిల్లలకు కూపన్ల మీద చాక్లెట్ ఇస్తున్న చోట, ఎక్కువ ధర వస్తుందని కోకోను పొరుగు దేశానికి దాటిస్తానంటే ఎవరు ఊరుకుంటారు?

ఇదే తంతు నేను గోధుమల్లో దగ్గర్నుంచి చూశాను. 2022లో దుబాయ్ దేరాలో ఒక ధాన్యం ట్రేడింగ్ కంపెనీలో డాక్యుమెంటేషన్ చూసేవాణ్ణి. ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు ఎగిశాయి, మార్చి ఎండలకు మన పంట దెబ్బతింది. మే 13న భారత్ గోధుమ ఎగుమతి ఆపేసింది. యూఏఈకి మాత్రం అక్కడి జనం తినడానికి ఇస్తామంది. అందుకు బదులుగా జూన్‌లో యూఏఈ ప్రభుత్వం భారత గోధుమ, గోధుమపిండి ఎగుమతిని, రీ-ఎక్స్‌పోర్ట్‌ను నాలుగు నెలలు నిలిపేసింది. ఫ్రీ జోన్లకూ (సుంకం కట్టకుండా సరుకు దించి మళ్ళీ పంపుకునే ప్రత్యేక ప్రాంతాలు) వర్తిస్తుందనేసరికి మా ఆఫీసులో టెన్షన్ మొదలైంది. మా వ్యాపారంలో పెద్ద భాగం అక్కడే: సరుకు దుబాయ్‌లోని జెబెల్ అలీ ఓడరేవులో దిగి, ఊళ్ళోకి రాకుండానే ఆఫ్రికా వైపు ఓడెక్కేస్తుంది.

మే 13కి ముందు వచ్చిన సరుకుకు దారి ఉంది, యూఏఈ ఆర్థిక శాఖ అనుమతి తీసుకుంటే చాలు. చాలు అనడం తేలికే. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే కాగితం), ఒరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశానిదో చెప్పేది), మూడింట్లో తేదీలూ బరువులూ పొసగాలి. ఒక ఫైల్లో ఇన్‌వాయిస్ మీద నికర బరువు, బిల్ ఆఫ్ లేడింగ్ మీద గోనెలతో కలిపిన బరువు ఉన్నాయి. ఆ తేడాకే ఫైలు వెనక్కొచ్చింది. అనుమతి వచ్చాక 30 రోజులే చెల్లుబాటు, ఈలోగా ఓడలో చోటు దొరకాలి. పిండి ఇంకా తలనొప్పి: ఆస్ట్రేలియా గోధుమ, మన గోధుమ కలిపి ఆడించిన పిండి ఏ దేశానిదని రాయాలి?

నా మటుకు ఆంక్ష సబబే. మన దగ్గర అందరికీ తలుపు మూసి ఒకరికి తెరిచినప్పుడు, ఆ ఒకరి ద్వారా అందరికీ పారిపోతే మూయడమెందుకు? కాకపోతే ముందే కొని, అడ్వాన్సులు కట్టి కూర్చున్న చిన్న వ్యాపారులకు గోదాం అద్దె ఎవరూ వెనక్కివ్వలేదు. పెద్ద కంపెనీలు వేరే దేశం గోధుమ తెచ్చి నెట్టుకొచ్చాయి.

2023 జులై 20న భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపితే, వారం తిరిగేసరికి యూఏఈ కూడా బియ్యం రీ-ఎక్స్‌పోర్ట్ నాలుగు నెలలు ఆపింది. అప్పటికి మావాళ్ళు తెలివిమీరారు, వార్త వచ్చిన రోజే పాత స్టాకు కాగితాలన్నీ తేదీలవారీగా విడదీయించారు.