డెక్సా సూది జ్వరం మందు కాదు

ప్రశ్న: మా జెర్సీ సంకర ఆవు చూడితో ఉన్నప్పుడు బాగా బలిసింది. ఈని 20 రోజులైంది. పాలు 14 లీటర్ల నుంచి 6 లీటర్లకు పడిపోయాయి. దాణా ముట్టదు, వరిగడ్డి మాత్రం కొరుకుతోంది. లోపల జ్వరం ఉందని మందుల షాపులో డెక్సా సూదులు ఇచ్చారు. 4 రోజులుగా వేయిస్తున్నాం. వేసిన పూట తింటుంది, మర్నాడు మామూలే. బెల్లం నీళ్లూ తాగిస్తున్నాం. 8 నెలల చూడి ఆవుకు కాలు వాచింది, దానికీ ఇదే వేయించవచ్చా? – ఒక రైతు, తెనాలి

జవాబు: వేయించవద్దు. ముందు చూడి ఆవు సంగతి. నెలలు నిండాక కడుపులోని దూడే కార్టిసాల్ అనే హార్మోన్ విడుదల చేసి ఈతను మొదలుపెడుతుంది. డెక్సా అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, అది కూడా అదే సంకేతం ఇస్తుంది. ఆవు ఈసుకుపోవచ్చు, మాయ పడకపోవచ్చు. గిట్టల మధ్య రాయి, ముల్లు, పుండు ఉన్నాయేమో కడిగి చూడండి.

ఈనిన ఆవుది జ్వరం కాదు, కీటోసిస్ అని నా అనుమానం. అంటే ఒంట్లో కొవ్వు అతిగా కరిగి, కీటోన్లనే పదార్థాలు రక్తంలో పెరిగే జబ్బు. థర్మామీటర్ పెట్టి చూశారా? 101–102 ఫారన్‌హీట్ ఉంటే జ్వరం లేనట్టే. నోటి దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం లాంటి వాసన వస్తోందేమో గమనించండి. మూత్రానికి రొథెరా పరీక్ష చేయించండి, ఊదారంగు వస్తే కీటోన్లు ఉన్నట్టే.

బలిసిన ఆవు ఈనగానే మేత తగ్గించి ఒంట్లో కొవ్వు కరిగిస్తుంది. ఆ కొవ్వు కాలేయానికి చేరితే, దాన్ని ఖర్చు చేసే జన్యువులను పీపీఏఆర్-ఆల్ఫా అనే న్యూక్లియర్ రిసెప్టర్ (కణ కేంద్రకంలో జన్యువులను నడిపే ప్రోటీన్) పనిలోకి దింపుతుంది. మోతాదు మించితే కొంత కీటోన్లవుతుంది, కొంత కాలేయంలోనే పేరుకుంటుంది. మనుషుల ఫ్యాటీ లివర్ గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్లు చెప్పే రిసెప్టర్లలో ఇదీ ఒకటి.

డెక్సా పనిచేసేది గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ అనే మరోదాని మీద. డెక్సా, ఆ రిసెప్టర్ కలిసి కణ కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువులను అణచేస్తాయి, కాలేయంలో గ్లూకోజ్ తయారీ పెంచుతాయి. సూది పడిన పూట మీ ఆవు తిన్నది అందుకే. రోజూ వేస్తే రోగనిరోధక శక్తి పడిపోతుంది, పాలూ తగ్గుతాయి, దాగి ఉన్న పొదుగువాపు బయటపడుతుంది. కీటోసిస్‌లో డాక్టరు చూసి ఒకసారి వేయడం వేరు, షాపు మాట విని వరసగా పొడిపించడం వేరు. అమ్మేవాడు ఆవును చూడలేదు, థర్మామీటరూ పెట్టలేదు. ఇలాంటి ఉత్తరాలు మాకు తరచూ వస్తాయి, విసుగొస్తోంది.

బెల్లం ఆపండి. పొట్టలోని సూక్ష్మజీవులే దాన్ని పులియబెట్టేస్తాయి, రక్తంలోకి చక్కెరగా చేరదు. ప్రొపిలీన్ గ్లైకాల్ రోజుకోసారి 300 మి.లీ. చొప్పున 3–5 రోజులు, పొలమారకుండా నెమ్మదిగా తాగించండి. 50 శాతం డెక్స్‌ట్రోజ్ 500 మి.లీ. నరంలోకి డాక్టరే ఎక్కించాలి, బయటకు జారితే మెడ వాస్తుంది. సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చాక ఖాళీ సీసాలు చూపించి, ఎన్ని మి.లీ. పడిందో దాచకుండా చెప్పండి. చికిత్స దాన్నిబట్టే మారుతుంది.